ప్రొఫెసర్ కుర్తాద్ లిఫ్టు అడిగిన తీరు

ఎదుటి మనిషి చేత "సరే" అనిపించడం ఎలాగో ముప్పై నాలుగేళ్ళు పాఠం చెప్పినవాడు రెజిస్ కుర్తాద్. క్లెర్మోఁ ఊళ్ళో దారినపోయేవాళ్ళను ఆపి వాళ్ళ చేత ముక్కూమొహం తెలియనివాళ్ళ సంచులకు కాపలా కాయించాడు, గొడుగులు అరువిప్పించాడు, రక్తదానానికి పేర్లు రాయించాడు. ఒకసారైతే తొందరగా ఎక్కడికో పోతున్న ఒక నోటరీగారి చేత ట్రామ్ స్టాపులో ముప్పావుగంట ఎవరిదో చిలక పంజరం పట్టించాడు. అంతటివాడు, తాను కాపురముంటున్న మేడలో ముగ్గురంటే ముగ్గురు పొరుగువాళ్ళ చేత ఒక లిఫ్టుకు "సరే" అనిపించలేక జుట్టు పీక్కున్నాడు. పీక్కోవడానికి అరవయ్యారేళ్ళ వయసులో మిగిలింది కూడా తక్కువే.

లిఫ్టు తనకోసం కాదు, భార్య ఒదీల్ కోసం. నవంబరులో ఆమెకు తుంటి కీలు మార్చారు. వాళ్ళుండేది నాలుగో అంతస్తు. కేథడ్రల్ వెనక సందుల్లో మేడలన్నీ ఒకటే రకం. నల్లరాతి మెట్లు, మూడు వందల ఏళ్ళ బూట్ల కింద అరిగి నడుమ గిన్నెల్లా గుంటలు పడ్డవి. వీళ్ళ మేడకవి ఎనభై నాలుగు. "రోజుకోసారి దిగండమ్మా, ఎక్కండి, మంచిదే. కాకపోతే పక్కన ఓ మనిషి ఉండాలి," అన్నాడు డాక్టరు. ఆ "పక్కన ఓ మనిషి" అన్న మాట దగ్గరనుంచి ఒదీల్‌కు ఆ డాక్టరంటే పడదు.

ఎందుకంటే ఒదీల్‌కు జీవితంలో ఉన్న వ్యసనం ఒక్కటే: పొద్దున్నే ఎవరికీ చెప్పకుండా బయటికి పోవడం. సంగీత పాఠశాలలో క్లారినెట్ నేర్పిన రోజుల్లోనూ అంతే, రిటైరయ్యాకా అంతే. రహస్యమేమీ లేదు. సెయింట్ పియెర్ బజారులో జున్నుల వాసన చూసి రావడమో, ఏదో బస్సెక్కి దాని చివరి స్టాపు దాకా పోయి అదే బస్సులో వెనక్కి రావడమో. "ఎక్కడికో చెప్పి పోతే అది షికారెలా అవుతుంది? డ్యూటీ అవుతుంది," అనేది. ఆపరేషన్ అయిన మూడో నెలలో, కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని, మొగుడితో తిన్నగా చెప్పేసింది.

"జూన్‌లో మేడవాళ్ళ మీటింగుంది కదా. దాంట్లో లిఫ్టు ఒప్పుకుంటే ఉందాం. ఒప్పుకోకపోతే జులైలో ఇల్లు అమ్మకానికి పెడతా. ఊరవతల నేలమీద ఇల్లు చూద్దాం."

ఊరవతల అంటే రెజిస్‌కు చలిజ్వరం. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ కిటికీలోంచి కేథడ్రల్ నల్ల గోపురాలు చూస్తూ కాఫీ తాగడం అలవాటైన ప్రాణం.

"జూన్ దాకా ఎందుకు, మార్చికల్లా అందర్నీ దారికి తెస్తా. నా ఉద్యోగమే అది కదా!" అన్నాడు.

"అదే నా భయం," అంది ఒదీల్.

ఈ ఉద్యోగం అతనికి తండ్రి నుంచి వచ్చిందనే చెప్పాలి. తండ్రి కంతాల్ కొండపల్లెల్లో ఇంటింటికీ తిరిగి విజ్ఞాన సర్వస్వాలు అమ్మేవాడు. తలుపు తీసిన ఇల్లాలిని పుస్తకం కొనమని ఏనాడూ అడిగేవాడు కాదు. గ్లాసుడు మంచినీళ్ళు అడిగేవాడు. నీళ్ళిచ్చినావిడ మర్యాదకు కుర్చీ వేస్తుంది. కుర్చీ వేసినావిడ ఓ పేజీ తిప్పుతుంది. సాయంత్రానికి ఇరవై నాలుగు సంపుటాలూ ఆ ఇంటి అలమరలో ఉంటాయి, చదివేవాడు ఆ ఇంట్లో ఉన్నా లేకపోయినా. దీన్నే మన పెద్దలు ఏకై వచ్చి మేకై కూర్చోవడం అన్నారు. రెజిస్ దానిమీద డాక్టరేటు తీసుకున్నాడు.

గోరంత పని చేసినవాడు తనకు తానో కథ చెప్పుకుంటాడని, "నేను చేశానంటే నాకిది ఇష్టమన్నమాటే" అనుకుంటాడని, ఆ తర్వాత కొండంత అడిగినా కాదనలేడని రెజిస్ సిద్ధాంతం. "చెయ్యి చేసిన పనిని మనసు వెనకేసుకొస్తుంది" అని ప్రతి ఏడూ మొదటి పాఠంలో బోర్డుమీద రాసేవాడు. పిల్లలు అది రాసుకుని, ఆ మధ్యాహ్నమే ఊరిమీద పడి జనం చేత సంచులు మోయించేవారు. నూట ఇరవై పేజీల చిన్న పుస్తకం కూడా వేశాడు. విచిత్రమేమిటంటే, ఎవరైనా తనను అడిగితే మాత్రం అతనికి "కాదు" అనడం రాదు. ఇంట్లో మూడు వాక్యూమ్ క్లీనర్లున్నాయి. జన్మలో కుందేలును ముట్టుకోని మనిషి, జిల్లా కుందేళ్ళ పెంపకందార్ల సంఘంలో పదకొండేళ్ళుగా సభ్యుడు. ఒకసారి కిటికీలు అమ్మేవాడొచ్చి, రెజిస్ పుస్తకంలో చెప్పిన వరసలోనే మాట్లాడి, నాలుగు కిటికీలు అంటగట్టి, వెళ్తూ వెళ్తూ పుస్తకంమీద సంతకం కూడా పెట్టించుకుపోయాడు.

ఇక మేడ సంగతి. నేల అంతస్తులో హుగెట్ ఫోషరోన్. ఒకప్పుడు అక్కడే బొత్తాలు, దారాలు అమ్మేది. కొట్టు మూసేసినా అద్దాల తలుపు వెనక కుర్చీ మాత్రం తియ్యలేదు. ఆ తలుపు దాటి పిల్లి వెళ్ళినా ఆవిడకు తెలుస్తుంది. మొదటి అంతస్తులో లూసియన్ టిక్సియే, టైర్ల ఫ్యాక్టరీలో మేస్త్రీగా చేసి రిటైరయినవాడు, భార్య పోయి ఆరేళ్ళు, మేడ యజమానుల కమిటీకి అధ్యక్షుడు. రెండులో వసీలా బెనమ్రాన్ అనే నర్సు. మూడో అంతస్తు నీస్‌లో ఉండే ఒక డెంటిస్టుది. ఆయన మీటింగులకు రాడు, కాగితాలకు జవాబివ్వడు. చట్టం ప్రకారం రానివాడు వద్దన్నవాడికిందే లెక్క. కాబట్టి ఆ ముగ్గురిలో కనీసం ఇద్దరు చెయ్యెత్తితేగాని లిఫ్టు రాదు.

ఫిబ్రవరిలో ఒక ఉదయం రెజిస్ మెట్లమీద ఊరికే నిలబడ్డట్టు నిలబడి టిక్సియే కోసం కాపు కాశాడు.

"ముస్యే టిక్సియే, రొట్టెలకొట్టుకేనా? ఏమీ అనుకోకపోతే ఒక్క చిన్న పని. ఈ ఒక్క రోజే. మాకో బగెట్ రొట్టె తెచ్చి మీ గుమ్మం దాకా పట్టుకురండి చాలు. అక్కణ్ణుంచి నేను తీసుకెళ్తా."

"మా గుమ్మం దాకానా?" టిక్సియే కనుబొమలు లేచాయి. "నాకేమన్నా కాళ్ళు లేవనుకున్నారా ప్రొఫెసర్? మాదామ్ చేతికే ఇచ్చొస్తా."

ఇచ్చి వచ్చాడు. రెజిస్ ఆ రోజు ఎంత మురిసిపోయాడంటే, ఒదీల్‌కు కనిపించకుండా వంటింట్లో రెండు చిందులు వేశాడు. మర్నాడు వసీలాను మందులషాపు పొట్లం తెమ్మన్నాడు, ఈ ఒక్కసారే. హుగెట్‌ను పోస్టు పార్సెల్ తీసి ఉంచమన్నాడు, ఈ ఒక్కసారే. గోరంత, గోరంత, గోరంత. కొండ జూన్‌లో.

మార్చి నెలాఖరుకు కింద హాల్లో, చెత్తబుట్టల నోటీసు పక్కన, ఒక అట్ట వెలిసింది. హుగెట్ రంగు పెన్సిళ్ళతో గళ్ళు గీసింది. సోమ, బుధ, శుక్ర రొట్టె: టిక్సియే. మంగళ, గురు మందులు, పళ్ళు: వసీలా. పార్సెళ్ళు, కబుర్లు: ఫోషరోన్. పైన పెద్దక్షరాలతో "మన ఒదీల్" అని. ఎదురు మేడవాళ్ళొచ్చి ఆ అట్టను ఫోటో తీసుకెళ్ళారు.

"చూశావా? చేతులు కదిలాయి. ఇక మనసులు వాటంతటవే వస్తాయి," అన్నాడు రెజిస్.

ఒదీల్ కళ్ళతోనే ముందుగది వైపు చూపించింది. ఆ పూట టిక్సియే రొట్టెతో వచ్చి అప్పటికి ముప్పైఐదు నిమిషాలయింది. ఇంకా ముందుగదిలోనే ఉన్నాడు, ఆవిడ పెట్టిన కాఫీ రెండో కప్పుతో.

"నిన్న మీరు జున్ను కొద్దిగానే తిన్నట్టున్నారు మాదామ్. సగం అట్లాగే ఉంది," అంటున్నాడు.

"మీరు మా ఫ్రిజ్ చూశారా?"

"వెన్న లోపల పెడదామని తీశా. అక్కడ పాత సెంత్-నెక్తేర్ జున్ను ముక్క కూడా ఉంది. పారేశాను లెండి."

"దాన్ని నేను కావాలనే ముగ్గబెడుతున్నాను ముస్యే టిక్సియే."

"అయ్యో! పోనీండి, రేపు ఇంకోటి తెస్తా. రేపు నా వంతు కాకపోయినా పర్లేదు."

ఏప్రిల్‌లో ఒక ఎండ పొద్దున, రెజిస్ స్నానాల గదిలో ఉండగా, ఒదీల్ కోటు తొడుక్కుని, కర్ర పట్టుకుని, తలుపు చప్పుడు కాకుండా తెరిచింది. నాలుగు మెట్లు దిగిందో లేదో, కింద మొదటి అంతస్తు తలుపు తెరుచుకుంది.

"మాదామ్ కుర్తాద్! అక్కడే ఆగండి! ఏం కావాలి?"

"గాలి కావాలి."

"కిటికీ బిగుసుకుపోయిందా? ఉండండి, నేనొచ్చి తీస్తా."

"ముస్యే టిక్సియే, నేను కిందికి దిగుతున్నా."

"ఎందుకు దిగడం? మేమంతా ఉన్నది ఎందుకు? హుగెట్! మాదామ్ కుర్తాద్‌కి ఏదో కావాలట, చెప్పడానికి మొహమాటపడుతోంది!"

ఆవిడ వెనక్కి వచ్చి కోటు విప్పకుండానే కూర్చుంది. రెజిస్ తువ్వాలుతో బయటికొచ్చేసరికి అతని మీద విరుచుకుపడింది.

"నలభై ఏళ్ళలో నేనెవరికీ భయపడి ఇంట్లో కూర్చోలేదు. ఇప్పుడు పొరుగువాళ్ళ మంచితనానికి భయపడి కూర్చుంటున్నా. నా మందు బిళ్ళలు ఎన్ని రంగుల్లో ఉన్నాయో హుగెట్‌కి తెలుసు. ఆ మేస్త్రీ నా జున్ను పారేశాడు. ఇదంతా ఎవరి ఘనకార్యం?"

"కోప్పడకు. ఇదంతా పండుతోందన్న గుర్తు. ఎంత ఎక్కువ మోస్తే అంత గట్టిగా ఒప్పుకుంటారు. రెండు నెలలు ఓర్చుకో."

"వాళ్ళని నువ్వెళ్ళి లిఫ్టు కావాలని అడిగావా?"

"అడక్కూడదు! అప్పుడే అడిగితే బిగుసుకుపోతారు. ఇది శాస్త్రం ఒదీల్!"

"నీ శాస్త్రం పారేసిన జున్ను వాసన కొడుతోంది," అని ఆవిడ లోపలికి పోయింది.

మీటింగు జూన్ పన్నెండున, సాయంత్రం ఆరింటికి, హుగెట్ పాత కొట్టులో జరిగింది. బొత్తాల సొరుగుల మధ్య మడత కుర్చీలు వేశారు. మేడ లెక్కాపత్రాలు చూసే మాదామ్ ప్రూలియేర్ ఫైలు విప్పింది. చెత్తబుట్టల మూతలు, వాన గొట్టం, డెంటిస్టు బాల్కనీలో గుడ్లు పెడుతున్న పావురాలు, అన్నీ అయ్యాయి. ఆరో అంశం, లిఫ్టు.

రెజిస్ లేచాడు. రాత్రంతా సాధన చేసిన మాటలు. "మిత్రులారా, ఈ నాలుగు నెలలూ మీరేం చేశారో మీకే తెలుసు. మీరంతా సాయం చేసే మనుషులు. ఎవరూ చెప్పకుండా, మీ అంతట మీరే చేశారు. దానికి తర్వాతి మెట్టు..."

"సరిగ్గా నేనూ అదే చెప్దామనుకున్నా!" టిక్సియే కూడా లేచి జేబులోంచి కాగితం తీశాడు. రాసుకొచ్చాడు! "ఈ మేడలో ముప్పై ఏళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోకుండా బతికాం. ఈ ఫిబ్రవరిలో ఒక బగెట్టుతో అంతా మారింది. ఇప్పుడు మనది ఎలాంటి మేడ? మోసే మేడ. లిఫ్టు పెడితే ఏమవుతుంది? బొత్తాం నొక్కుతాం, పైకి పోతాం, మళ్ళీ ఎవరికెవరు? నేను వద్దంటా. మాదామ్ కుర్తాద్ కోసమే వద్దంటా."

రెజిస్ దిక్కుతోచక వసీలా వైపు చూశాడు. ఆ పిల్ల పనిచేసేది ఆసుపత్రిలో, ఆమెకన్నా తెలుసుగా!

"నేనూ మొదట్లో లిఫ్టు కావాలనే అనుకున్నాను ప్రొఫెసర్ గారూ," అంది వసీలా, కాస్త సిగ్గుపడుతూ. "కానీ డ్యూటీ దిగొచ్చి ఆ పళ్ళు పైకిచ్చి వస్తే మనసుకి హాయిగా ఉంటోంది. అక్కడ రోజంతా చేసేదీ అదే పనే, కానీ ఇక్కడెవరూ నామీద అరవరు. ఇప్పుడది ఆపెయ్యాలంటే..."

"ఆపమని ఎవరన్నారు!" రెజిస్ గొంతు పెరిగింది. "అసలు ఆ మోయడం ఎందుకు మొదలైందని... అంటే, దాన్లోంచి సహజంగా లిఫ్టు రావాలి! మీరు తప్పు ముగింపుకొచ్చారు!"

"ఎందుకు తప్పు?" అద్దాల తలుపు దగ్గర కుర్చీలోంచి హుగెట్ అంది. "నలభై మూడో పేజీలో మీరే రాశారుగా. చెయ్యి చేసిన పనిని మనసు వెనకేసుకొస్తుందని. మా చేతులు మోశాయి, మా మనసులు మోతని వెనకేసుకొస్తున్నాయి. మీరు లిఫ్టు మోయించలేదుగా మా చేత, రొట్టె మోయించారు."

రెజిస్‌కు చెవులు వేడెక్కాయి. ముప్పై నాలుగేళ్ళు బోర్డుమీద రాసిన ముక్క. మొదటి సంవత్సరం పిల్లవాడు ఈ పొరపాటు చేస్తే కాగితంమీద ఎర్రగీత గీసి, "ఏ పని చేయిస్తే ఆ పనిమీదే మమకారం!" అని పక్కన రాసేవాడు.

"మీరు... నా పుస్తకం చదివారా?"

"మునిసిపల్ లైబ్రరీలో ఉంది. తొమ్మిదేళ్ళలో నేనొక్కదాన్నే తీసుకున్నానట. ఆ అమ్మాయి సంతోషపడి, ఇంక తిరిగి ఇవ్వక్కర్లేదంది."

అప్పుడిక రెజిస్‌కు ఒళ్ళు తెలియలేదు. కుర్చీని నెట్టేశాడు. "సరే! మీ ఇష్టం! ఔనంటే ఔననండి, కాదంటే కాదనండి! నా బలవంతం ఏమీ లేదు!"

"నాలుగో అధ్యాయం," అంది హుగెట్ టిక్సియేతో. "'మీ ఇష్టం' అని చివర తగిలిస్తే ఒప్పుకునేవాళ్ళు రెట్టింపవుతారట."

"నేను నిజంగానే అంటున్నాను!"

"నిజంగా అన్నట్టే అనాలని కూడా రాశారు."

మాదామ్ ప్రూలియేర్ పెన్ను ఎత్తింది. "ఓటింగుకి వెళ్దామా?" అంది.

అప్పుడు పైనుంచి వినపడింది. టక్. కాసేపటికి మళ్ళీ టక్. కర్ర చప్పుడు. ముగ్గురూ ఒక్కసారిగా లేచారు. టిక్సియే అప్పటికే తలుపు దగ్గరున్నాడు.

"ఎవరైనా మెట్టుమీద కాలు పెట్టారో, కర్రతో కొడతా!" మెట్ల గూటిలోంచి ఒదీల్ గొంతు మోగింది.

కూర్చున్నారు. మేడ యజమానుల మీటింగు మీటింగంతా బొత్తాల సొరుగుల మధ్య నోరుమూసుకుని ఒక ముసలామె మెట్లు దిగడం వింది. పద్దెనిమిది నిమిషాలు. మూడో అంతస్తు దగ్గర చప్పుడు చాలాసేపు ఆగిపోయింది. వసీలా పెదవి కొరుక్కుంది. రెజిస్‌కు ముందు కుర్చీ అంచును గట్టిగా పట్టుకోవడం తప్ప చేసేదేమీ లేకపోయింది. మళ్ళీ టక్ అన్నాక మాదామ్ ప్రూలియేర్ కూడా ఊపిరి వదిలింది.

ఒదీల్ వచ్చింది. మొహం పాలిపోయి, ముక్కుమీద చెమట. ఎవరు ఇచ్చిన కుర్చీలోనూ కూర్చోలేదు.

"ముస్యే టిక్సియే, రొట్టె ఎప్పుడూ వేడిగా ఉండేది. వసీలా, పళ్ళు నువ్వు ఏరినట్టు నేను కూడా ఏరలేను. హుగెట్, మీరు పార్సెళ్ళు విప్పి చూసేవాళ్ళని తెలుసు, పోనీండి. నాకిది వద్దు. పొద్దున్న లేచి నేనెక్కడికి పోతానో ఎవరికీ తెలియకూడదు. ఇదిగో, ఈయనక్కూడా తెలియకూడదు. దానికి నాకు లిఫ్టు కావాలి. ఇమ్మని అడుగుతున్నా. ఇవ్వకపోతే జులైలో ఇల్లమ్మి పోతాం. మీమీద కోపమేమీ ఉండదు."

ఒక్క క్షణం ఆగి, నిజం చెప్పేద్దామనుకుందో, మొగుడిమీద మంట తీరలేదో, మళ్ళీ అంది: "ఇంకో మాట. ఆ మొదటి బగెట్టు ఈయన లెక్క ప్రకారం అడిగిందే. రొట్టెతో మొదలుపెడితే మీరు లిఫ్టు దాకా వస్తారని."

టిక్సియే మెల్లగా రెజిస్ వైపు తిరిగాడు. "అంటే ఫిబ్రవరి నుంచీ నేను... ప్రయోగమా?"

"ప్రయోగం కాదు ముస్యే టిక్సియే. ప్రయోగానికైతే పోల్చి చూడ్డానికి రెండో గుంపు కూడా కావాలి. ఇది... పద్ధతి," అన్నాడు రెజిస్. అంటుండగానే నాలుక కరుచుకోవాలనిపించింది.

"నాకు మార్చిలోనే తెలుసు," అంది హుగెట్. "ఆ పుస్తకం అప్పుడే తెచ్చా. చెప్తే అట్ట పీకేస్తారని ఊరుకున్నా. నాలుగు గళ్ళు రంగులెయ్యడం, సాయంత్రం నలుగురూ ఆగి మాట్లాడ్డం, నాకు మాత్రం చేదా?" తర్వాత రెజిస్ వైపు వేలు చూపించింది. "ముప్పై ఒక్క ఏళ్ళుగా ఈ తలుపు ముందునుంచి పోతున్నారు మీరు. 'హుగెట్, నాకిది కావాలి' అని ఒక్కనాడు అడిగిన పాపాన పోలేదు. గుమ్మంలో నిలబడి వాతావరణం బాగుందంటారు, తర్వాత సుత్తి కావాలంటారు. మీ ఆవిడ ఎనభై నాలుగు మెట్లు దిగి, ఇమ్మని అడిగింది. ప్రూలియేర్, రాసుకో." చెయ్యెత్తింది.

వసీలా కూడా చెయ్యెత్తింది, కళ్ళు తుడుచుకుంటూ.

టిక్సియే ఎత్తలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "నేను ఎటూ కాదని రాయండి," అని టోపీ తీసుకుని వెళ్ళిపోయాడు. తీర్మానం నెగ్గింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

మర్నాటి నుంచి మొదటి అంతస్తు తలుపు తెరుచుకోవడం మానేసింది. రొట్టె రెజిసే తెచ్చుకున్నాడు. అట్టమీద సోమ, బుధ, శుక్ర గళ్ళను ఎవరో పెన్సిలుతో కొట్టేశారు. వారంపాటు చూసి, ఒదీల్ పోరు పడలేక రెజిస్ వెళ్ళి ఆ తలుపు తట్టాడు.

"ఏం కావాలి?" లోపలినుంచే అడిగాడు టిక్సియే.

"ఏమీ వద్దు. క్షమాపణ చెప్దామని."

"క్షమాపణ చెప్పాక ఏం అడుగుతారు?"

"ఏమీ అడగను!"

"ఏమీ అడగని మనిషి ఏదో పెద్దదే అడుగుతాడు. మీ పుస్తకం హుగెట్ నాక్కూడా ఇచ్చింది. రెండో అధ్యాయంలో ఉన్నా ఇప్పుడు."

రెజిస్ తలుపుకు నుదురు ఆనించాడు. నిజంగానే అతనికి ఏమీ వద్దు. ఏమీ వద్దని నమ్మించడానికి శాస్త్రంలో ఎక్కడా దారి లేదు. ఏ మాట ఎత్తినా అది ఏదో ఒక అధ్యాయంలో ఉంది. ఏడ్చినా ఆరో అధ్యాయంలో ఉంది.

"మీరంటే నాకు..." అని మొదలెట్టి, "మీరు బాధపడ్డారు. తప్పు నాది. అంతే," అని ముగించాడు.

"ఇది ఏ అధ్యాయం?" అన్నాడు టిక్సియే, అనుమానంగా.

సరిగ్గా అప్పుడు మూడు అంతస్తుల పైనుంచి ఒదీల్ కేక వేసింది. "లూసియన్! కాఫీ పెట్టాను! రొట్టె లేకుండా రండి! వస్తే రండి, లేకపోతే పారబోస్తా!"

తలుపు తెరుచుకుంది. టిక్సియే రెజిస్‌ను చూడకుండా, పక్కనుంచి తప్పుకుని, ఖాళీ చేతులతో పైకెక్కాడు. ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కోటు జేబుల్లో పెట్టుకున్నాడు. ముప్పావుగంట కూర్చున్నాడట. చివరికి ఒదీల్ అతనికి గడియారం చూపించి పంపించాల్సి వచ్చిందట.

లిఫ్టు రావడానికి ఏడాదిన్నర పట్టింది. పాత మేడల సంరక్షణ చూసే ఆఫీసు నుంచి ఒకాయనొచ్చి, నల్లరాతి మెట్లను ముట్టుకోవద్దన్నాడు. ఇంకొకాయనొచ్చి పెరటివైపునుంచి పెట్టొచ్చన్నాడు. తీరా పెట్టాక తేలిందేమిటంటే, అది ఏ అంతస్తులోనూ ఆగదు, అంతస్తుకూ అంతస్తుకూ మధ్య మలుపుల్లో ఆగుతుంది. అక్కణ్ణుంచి ఇంకా పది మెట్లు ఎక్కాలి. రెజిస్ ఆ కాంట్రాక్టరుతో ఫోనులో అరిచిన అరుపులకు పావురాలు డెంటిస్టు బాల్కనీ ఖాళీ చేసి పోయాయి.

"పది నేను దిగగలను, పది ఎక్కగలను. నువ్వు నోరు మూసుకో," అంది ఒదీల్.

లిఫ్టు నడవడం మొదలైన మూడో రోజు, డిసెంబరు మంచు పొద్దున, రెజిస్ లేచేసరికి పక్క ఖాళీగా ఉంది. కొక్కెం మీద కోటు లేదు. చీటీ లేదు. వంటింట్లో కాఫీ గిన్నె ఇంకా గోరువెచ్చగా ఉంది. కిందికి దిగి హుగెట్‌ను అడిగాడు.

"నేను చూళ్ళేదు," అంది హుగెట్, ఆ తలుపు దాటిన పిల్లిని కూడా వదలని మనిషి. చూసిందని ఆవిడ మొహమే చెబుతోంది.

పదకొండయింది. పన్నెండయింది. జారే వీధులు, కొత్త కీలు. రెజిస్ రెండుసార్లు కోటు తొడిగి విప్పాడు. ఒంటిగంటకు పది నిమిషాల ముందు పెరటివైపు లిఫ్టు గరగరమంది. ఆ తర్వాత పది మెట్లు, నెమ్మదిగా, మధ్యలో ఒక్కసారి ఆగి. తలుపు తెరిచేసరికి ఒదీల్ ముక్కు ఎర్రగా ఉంది, కర్రకు బురద.

"ఎక్కడికెళ్ళావు?" అన్నాడు రెజిస్.

"బయటికి."

"బయటికంటే ఎక్కడికి? నేను ఇక్కడ..."

"చెప్పను," అంది ఒదీల్. కోటు విప్పి కొక్కేనికి తగిలించి, చేతులు రుద్దుకుంటూ వంటింట్లోకి పోయింది. "ఆకలేస్తోంది. సూపేమైనా ఉందా?"

రెజిస్‌కు ఒళ్ళు మండిపోయింది. వెళ్ళి సూపు వేడిచేశాడు.